మంటకు ముందటి రూపాయి



2025 జూన్ 30, సోమవారం ఉదయం పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారంలో జరిగిన పేలుడు 54 మందిని పొట్టన పెట్టుకుంది. వారిలో 46 మంది మృతదేహాలను గుర్తించగలిగారు. అందులో చాలామందికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. మిగిలిన 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. వాళ్లూ చనిపోయినట్టేనని చివరికి అధికారులు తేల్చారు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు అందులో ఎందరో ఉన్నారు. ఈ ఉపన్యాసం వాళ్ల జ్ఞాపకానికి అంకితం.

ఇలాంటి సభలో లెక్కలు మాట్లాడితే కొందరికి కష్టంగా ఉంటుందేమో. అయినా మాట్లాడతాను. ఉద్యోగ జీవితమంతా అగ్నిమాపక శాఖలో గడిపినవాణ్ణి. మంట ఆర్పడానికి ఏం కావాలో నాకు కొంత తెలుసు. అవి ఎందుకు దొరకవో ఇంకొంచెం ఎక్కువ తెలుసు. మంటను ఆర్పే ఖర్చు ఎవరిది, ఆ రూపాయి ఎప్పుడు రావాలి? ఈ సాయంత్రం నేను మాట్లాడాలనుకున్నది ఈ ఒక్క సంగతే.

పేలుడు జరిగిన మర్నాడు ముఖ్యమంత్రి పాశమైలారం వచ్చారు. చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి కోటి రూపాయలు అందేలా చూస్తామన్నారు. ప్రధానమంత్రి సహాయ నిధి నుంచి 2 లక్షల చొప్పున ప్రకటన వచ్చింది. కోటి చొప్పున లెక్క వేసినా 54 కోట్లు. అది ఆ కుటుంబాల హక్కు. అందులో పైసా తగ్గకూడదు, ఒక్కరోజు ఆలస్యం కాకూడదు. నా బాధ వేరు. పేలుడుకు ముందు రోజు, అంటే జూన్ 29న, పాశమైలారం పారిశ్రామిక వాడలో అగ్ని భద్రత కోసం అందులో పదో వంతు కావాలని ఎవరైనా ఫైలు పెట్టి ఉంటే, అది ఎన్ని బల్లల మీద ఎన్ని నెలలు పడుకునేదో శాఖలో పనిచేసినవాళ్లకు తెలుసు. ప్రాణం పోయాక అడగకుండానే కదిలే ఖజానా, ప్రాణం పోకముందు అడిగితే వంద కొర్రీలు వేస్తుంది.

ఇది ఏ ఒక్క అధికారి మనస్తత్వమో అనుకోకండి. మన నిధుల కట్టుబాటే అలా ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రతి రాష్ట్రానికీ విపత్తు స్పందన నిధి ఉంది. తుపాను, కరువు, వరదలతో పాటు అగ్ని ప్రమాదం కూడా ఆ నిధి జాబితాలో ఉన్న విపత్తే. మనలాంటి రాష్ట్రాల్లో ఆ నిధికి నూటికి 75 కేంద్రం ఇస్తుంది, 25 రాష్ట్రం వేసుకోవాలి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఈ డబ్బును పంచిన తీరు చూడండి. మొత్తం వంద రూపాయలనుకుంటే 40 తక్షణ సహాయానికి, 30 పునర్నిర్మాణానికి, 20 ముప్పు తగ్గించే పనులకు, 10 సన్నద్ధతకు. అంటే 70 రూపాయలు నష్టం జరిగాకే పెట్టెలోంచి బయటికి వస్తాయి. ఫైర్ స్టేషన్, బండి, శిక్షణ, శ్వాస పరికరాలు, అన్నీ ఆ చివరి పది రూపాయల్లో తమ వంతు వెతుక్కోవాలి.

అదే ఆర్థిక సంఘం ఒక మంచి పని కూడా చేసింది, అది చెప్పకపోతే అన్యాయం. దేశమంతటా అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునికీకరణకు 5,000 కోట్లు విడిగా కేటాయించమంది. ఆ పథకాన్ని కేంద్ర హోం శాఖ 2023 జూలైలో మొదలుపెట్టింది. అందులో 500 కోట్లు సంస్కరణలు చేసిన రాష్ట్రాలకు ప్రోత్సాహకంగా పక్కన పెట్టారు. మనలాంటి రాష్ట్రాలు తమ వంతుగా నాలుగో వంతు వేసుకోవాలి. బాగుంది. కానీ ఐదేళ్ల కాలంలో రెండేళ్లు గడిచాక పథకం గడప దాటింది. 140 కోట్ల జనాభాకు 5,000 కోట్లంటే తలకు 36 రూపాయలు. ఐదేళ్లకు పంచితే ఏడాదికి ఏడు. ఒక మనిషిని మంట నుంచి కాపాడటానికి ఈ దేశం విడిగా తీసి పెట్టిన ఏడాది సొమ్ముకు ఇవాళ ఇస్నాపూర్ చౌరస్తాలో కప్పు చాయ్ కూడా రాదు.

డబ్బు మాట ఇలా ఉంటే, బాధ్యత మాట ఇంకా చిత్రం. రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూల్ పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనుల జాబితా. అందులో అగ్నిమాపక సేవ ఉంది. పదకొండో షెడ్యూల్ గ్రామ పంచాయతీలది. అందులో 29 పనులున్నాయి, తాగునీటి నుంచి గ్రంథాలయాల దాకా. అగ్నిమాపక సేవ లేదు. 1992లో ఈ జాబితాలు రాసినవాళ్ల మనసులో ఊరంటే పొలాలు, గుడిసెలు, గడ్డివాములు. పాశమైలారం, బొంతపల్లి, గడ్డపోతారం, ఖాజీపల్లి లాంటి ఊళ్లు వాళ్ల ఊహలో లేవు. పంచాయతీగా ఉంటూనే రియాక్టర్ల పక్కన, టోలీన్, మెథనాల్ డ్రమ్ముల పక్కన బతికిన ఊళ్లు ఇవి. 2007 ఏప్రిల్‌లో పటాన్‌చెరు, రామచంద్రాపురం పట్టణాలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. ఆ సరిహద్దు గీతకు ఇటు మహానగరం, అటు పంచాయతీ. గాలికి, మంటకు ఆ గీత కనిపించదు. బడ్జెట్‌కు మాత్రం చాలా స్పష్టంగా కనిపించింది. ఈ మధ్య ఈ ఊళ్లలో కొన్ని పురపాలికలయ్యాయి. బోర్డు మారింది, సంతోషం. కానీ పారిశ్రామిక వాడ పుట్టి నలభై యాభై ఏళ్లయ్యాక మారింది.

ఈ ప్రాంతం దేశానికి ఏమిచ్చిందో ఒక్కమాటలో గుర్తు చేస్తాను. బీహెచ్‌ఈఎల్ వచ్చింది, ఇక్రిశాట్ వచ్చింది, ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. 1980లో మెదక్ నుంచి ఇందిరా గాంధీ గెలిచాక పరిశ్రమల రాక మరింత ఊపందుకుంది. ఇక్కడి మందుల ముడి సరుకు దేశదేశాలకు పోతోంది. దాని పన్ను ఢిల్లీకి పోతోంది, హైదరాబాద్‌కు పోతోంది. ముప్పు మాత్రం ఇక్కడే ఉండిపోతోంది.

మంట ఆర్పే ఖర్చు అమెరికాలో ఎవరు భరిస్తారో చెప్పాలి. అక్కడ కార్చిచ్చు చెలరేగి పెద్ద విపత్తుగా మారేట్టుంటే, మంట ఇంకా మండుతుండగానే రాష్ట్రం కేంద్రాన్ని సాయం అడగొచ్చు. గంటల వ్యవధిలో జవాబు వస్తుంది. ఒప్పుకుంటే, ఆ మంటను ఆర్పడానికి అర్హమైన ఖర్చులో 75 శాతం కేంద్రమే భరిస్తుంది. సిబ్బంది అదనపు వేతనం, యంత్రాల అద్దె, జనాన్ని తరలించడం, వాళ్లకు ఆశ్రయం, అన్నీ అందులో వస్తాయి. 2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ పాలిసేడ్స్‌లో మంట అంటుకున్న రోజే ఆ అనుమతి వచ్చింది. ఆ దేశంలోనూ ఇళ్లు కాలాయి, మనుషులు చనిపోయారు. ఆ పద్ధతి సర్వరోగ నివారిణి అని నేను అనను. కానీ ఒక కౌంటీ ఫైర్ ఆఫీసర్ ఇంకో పది బండ్లు పిలవాలా వద్దా అని ఆలోచించేటప్పుడు, బిల్లు ఎవరు కడతారన్న భయం అతని భుజం మీద ఉండదు. మన దగ్గర 75 శాతం అనే అంకె ఉంది, విపత్తు నిధిలో. అది ప్రధానంగా మంట ఆరాక చేసే సాయం లెక్క. మంట ఆర్పే లెక్క మనం ఇంకా రాసుకోలేదు.

మన అడవుల సంగతి చూస్తే కొంత ఆశ కలుగుతుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో, అమ్రాబాద్‌లో, మనకు దగ్గరగా నర్సాపూర్ అడవిలో ఆకు రాలి నేలంతా ఎండుటాకుల పరుపవుతుంది. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద నేల కాలుస్తారు. తునికాకు కొత్త చిగురు కోసం పొదలు కాలుస్తారు. పశువులకు పచ్చగడ్డి మొలవాలని నిప్పు పెడతారు. దారిన పోయేవాడు బీడీ ముక్క విసిరేస్తాడు. ఉపగ్రహం ఆ వేడిని పట్టుకుంటుంది. డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ నుంచి బీట్ ఆఫీసర్ ఫోన్‌కు సందేశం వస్తుంది. అంతరిక్షం నుంచి వచ్చిన సమాచారాన్ని అందుకుని గుట్టెక్కేది మాత్రం ఊరి మనిషే. చేతిలో పచ్చి కొమ్మ, మరీ అదృష్టముంటే ఒక బ్లోయర్. దీనికి కేంద్ర పథకం ఉంది. కేంద్రం 60, రాష్ట్రం 40. ఫైర్‌లైన్లు గీయడానికి, వేసవి వాచర్ల కూలికి ఆ డబ్బు. ఎప్పుడూ చాలదు. అయినా అది మంటకు ముందు వచ్చే డబ్బు, ఊరివాళ్ల చేతికి వచ్చే డబ్బు. ఉమ్మడి రాష్ట్రంలో 1992 నుంచి వన సంరక్షణ సమితులు పెట్టినప్పుడు ప్రభుత్వం ఒక మాట ఒప్పుకుంది: అడవిని కాపాడేవాడు అడవి అంచున ఉన్నవాడే, కాబట్టి అతనికి అందులో వాటా ఉండాలి. సమితులు చాలాచోట్ల నీరసించాయి, నిజమే. ఆ సూత్రం మాత్రం సరైనది.

ఈ జిల్లాలోనే ఖాజీపల్లి రిజర్వు అడవిలో 1,650 ఎకరాలను 2020లో నటుడు ప్రభాస్ దత్తత తీసుకుని 2 కోట్ల రూపాయలిచ్చారు. ఆయన మంచి మనసుకు కృతజ్ఞతలు. ఆ అడవికి కొంత దూరంలోనే రసాయన పరిశ్రమలున్నాయి. అడవికి ఒక దాత దొరికాడు. పరిశ్రమల మధ్య కిరాయి గదుల్లో ఆరేడుగురు చొప్పున పడుకునే కార్మికులకు దాత కోసం ఎదురుచూడమని చెప్పలేం కదా. వాళ్ల భద్రత దయ మీద ఆధారపడకూడదు, పద్దు మీద ఆధారపడాలి.

ఇప్పుడు ఒక కఠినమైన విషయం. శాఖ మనిషిగా చెప్పడం నాకు అంత సులువు కాదు. ఆ జూన్ 30న సిగాచి గేటు ముందే పది ఫైరింజన్లు నీళ్లు నింపుకుని సిద్ధంగా ఉన్నా, ఆ పేలుడు ఆగేది కాదు. అక్కడ తయారయ్యేది మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్. మనం మింగే మాత్రల్లో కలిపే తెల్లటి పొడి. విషం కాదు. చేతిలోకి తీసుకుంటే పిండిలా ఉంటుంది. కానీ అంత మెత్తటి పొడి మూసిన గదిలో గాలిలో తేలుతున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, కణకణం ఒకేసారి మండుతుంది. మొదటి పేలుడుకు దూలాల మీద, పైపుల మీద పేరుకున్న దుమ్మంతా లేస్తుంది. ఆ లేచిన దుమ్ముతో రెండో పేలుడు. అది మొదటిదానికంటే పెద్దది. ఇదంతా మనిషి తల తిప్పి చూసేలోగా అయిపోతుంది. పాశమైలారంలో జరిగింది దుమ్ము పేలుడేనని అధికారులు అనుమానించారు. దీనికి మందు నీళ్లలో లేదు. దుమ్ము పేరుకోకుండా రోజూ తుడవడం, దుమ్మును లాగే యంత్రాలు, పేలుడు ఒత్తిడిని బయటికి వదిలే తలుపులు, యంత్రాలకు సరైన ఎర్తింగ్, వేడి హద్దు దాటగానే ఆపేసే ఏర్పాటు. 1948 నాటి కర్మాగారాల చట్టం 37వ సెక్షన్‌ను ఈ పేలే దుమ్ము గురించే రాశారు. 38వ సెక్షన్ మంటల నుంచి జాగ్రత్తల గురించి. చట్టానికి ముప్పు తెలిసి ఏడున్నర దశాబ్దాలు దాటింది. తెలిసిన ముప్పును వెళ్లి చూసే మనిషిని మాత్రం సరిపడా పెట్టుకోలేదు.

అందుకే అగ్నిమాపక నిధులు అనగానే ఎర్ర బండ్ల ఫొటోలు చూపించే అలవాటు మానుకోవాలని నా మనవి. నాలుగున్నర వేల లీటర్ల వాటర్ టెండర్ పంపు పూర్తి వేగంతో నడిస్తే రెండు మూడు నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత నీళ్లెక్కడివి? టోలీన్ లాంటి సాల్వెంట్ మంటకు ఫోమ్ కావాలి, నీళ్లు కొడితే మండే ద్రవం నీటి మీద తేలి పక్క షెడ్డుకు పాకుతుంది. ఆ తేడా తెలిసిన ఫైర్‌మన్ కావాలి. అతనికి శ్వాస పరికరం కావాలి, దాని సిలిండర్ నింపే కంప్రెసర్ కావాలి. ముందే వచ్చి ప్లాంటంతా తిరిగి ఏ డ్రమ్ము ఎక్కడుందో కాగితం మీద గీసుకునే తీరిక కావాలి. ఈ తీరికకు ఏ బడ్జెట్ పద్దులోనూ పేరు లేదు. అగ్నిమాపక దినం ఏప్రిల్ 14న జరుపుకుంటాం. 1944లో ఆ రోజు బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఆ ఓడలో పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ కలిసి ఉన్నాయి. ఏ సరుకు పక్కన ఏ సరుకు పెట్టారన్నది మంట ఆర్పేవాడి చావుబతుకులు తేల్చే ప్రశ్న. పటాన్‌చెరు గోడౌన్లలో ఆ ప్రశ్న ఈ రోజుకీ ఉంది.

ఆర్పిన నీళ్లు ఎక్కడికి పోతాయన్నదీ ఖర్చే. 1986 నవంబర్ 1న స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దగ్గర శాండోజ్ గోదాము కాలింది. మంటను ఆర్పారు. ఆర్పిన నీళ్లతో పాటు పురుగుమందులు రైన్ నదిలోకి పోయి వందల కిలోమీటర్ల మేర చేపలు చచ్చాయి. ఇక్కడ రైన్ నది పేరు నక్కవాగు. అది మంజీరలో కలుస్తుంది. ఈ వాగు కోసం ఈ ప్రాంత ప్రజలు ఎంత పోరాడారో మీలో పెద్దలకు తెలుసు. డాక్టర్ అల్లాని కిషన్‌రావు గారి వంటివారు ఊరూరూ తిరిగి కాలుష్యాన్ని లోకానికి చూపించారు. 1990లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. అంత కష్టపడి వాగుకు కాస్త ఊపిరి తెచ్చాక, ఒక్క రాత్రి మంట ఆర్పిన నీళ్లు మళ్లీ దాన్ని చంపగలవు. ఆ నీళ్లను ఆపి నిలవ చేసే గుంతలు వాడ వాడకూ తవ్వాలి. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వకూడదని మన పెద్దలు అన్నారు. ఈ గుంతలకూ అదే వర్తిస్తుంది.

డబ్బు ఎక్కడిదని అడుగుతారు. అడగాలి కూడా. నా జవాబు ఇది. పారిశ్రామిక వాడల్లో ఆస్తి పన్ను వసూలు చేసేది పంచాయతీ కాదు, పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ కింద పనిచేసే పారిశ్రామిక వాడ స్థానిక సంస్థ. అందరం ‘ఐలా’ అని పిలుచుకునేది దాన్నే. వసూలైన పన్నులో 35 శాతం ఊరికి ఇస్తారు. 65 శాతం వాడ నిర్వహణకు ఉంచుకుంటారు. వాడ నిర్వహణ అంటే రోడ్లు, మురుగు కాల్వలు, వీధి దీపాలేనా? ఆ 65లో అగ్ని భద్రతకు కచ్చితమైన వాటా విడిగా ఒక ఖాతాలో పెట్టాలి. నీటి ట్యాంకు, హైడ్రెంట్ లైను, ఫోమ్ నిల్వ, వాగులోకి నీళ్లు పోకుండా ఆపే గుంత, ఇవన్నీ ఆ ఖాతాలోంచి రావాలి. దానికి రాష్ట్రం సమానంగా కలపాలి. జీఎస్టీ రూపంలో ఈ వాడ ఫలాలు అందుకునే కేంద్రం, అడవి మంటలకు ఇచ్చినట్టే ఇక్కడా 60 శాతం ఎందుకు ఇవ్వకూడదు? భోపాల్ తర్వాత, 1991లో వచ్చిన ప్రజా బాధ్యత బీమా చట్టం కింద ప్రమాదకర రసాయనాలు వాడే యజమానులు ప్రీమియంతో సమానంగా పర్యావరణ సహాయ నిధికి కట్టాలి. అదీ ప్రమాదం అయ్యాకే కదిలే డబ్బు. అందులో కొంత ముందుగా కదిలేలా చట్టం సవరించమని అడుగుదాం.

ఖాతా మీద చెయ్యి ఎవరిది ఉండాలన్నది అంతకంటే ముఖ్యం. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 1996 నాటి రసాయన ప్రమాదాల నిబంధనల కింద ప్రతి పారిశ్రామిక ప్రాంతానికీ స్థానిక సంక్షోభ బృందం ఉండాలి. అందులో కర్మాగారాల ఇన్‌స్పెక్టర్, ఫైర్ ఆఫీసర్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్‌తో పాటు సర్పంచ్ లాంటి ఊరి పెద్ద, స్థానిక పత్రిక సంపాదకుడు, స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, సామాజిక కార్యకర్తలు సభ్యులు. నెలకోసారి సమావేశం కావాలి. కాగితం మీద ఇంత చక్కగా రాసిన నిబంధన మరొకటి నేను చూడలేదు. ఈ సభలో ఉన్న ప్రజాప్రతినిధులను, విలేకరులను, డాక్టర్లను చేతులు జోడించి అడుగుతున్నాను. మీ మండలంలో ఆ బృందం ఉందా, మీరు అందులో ఉన్నారా, పోయిన నెల కూర్చున్నారా, తెలుసుకోండి. లేకపోతే సమావేశం పెట్టమని కలెక్టర్ గారికి రాతపూర్వకంగా అడగండి. అగ్ని భద్రత ఖాతాలో ఎంత పడింది, ఎంత ఖర్చయింది అన్నది ఆ బృందం ముందు ప్రతి నెలా చదివి వినిపించాలి. ఇంకొక మార్పు కావాలి: అందులో కాంట్రాక్టు కార్మికుల తరఫున ఒకరు, హిందీ, ఒడియా మాట్లాడేవారు, కూర్చోవాలి. ప్లాంటులో ఏ యంత్రం వేడెక్కుతోందో, ఏ వాసన కొత్తగా వస్తోందో మొదట తెలిసేది వాళ్లకే. చెబితే పని పోతుందన్న భయం లేకుండా చెప్పే చోటు వాళ్లకు ఇప్పటిదాకా లేదు.

చివరిగా ఒక చిన్న పని. దీనికి పెద్ద నిధి కూడా అక్కర్లేదు. పాశమైలారంలో ఆ ఉదయం లోపల ఎందరున్నారు, ఎవరెవరున్నారు అన్నది తేల్చడానికే రోజులు పట్టింది. కొడుకు ఫొటో పట్టుకుని తల్లిదండ్రులు పటాన్‌చెరు ఏరియా ఆసుపత్రి చుట్టూ తిరిగారు. ప్రతి కర్మాగారం గేటు దగ్గర షిఫ్టు మొదలవగానే లోపలికి వెళ్లిన ప్రతి ఒక్కరి పేరు, రోజుకూలీ అయినా సరే, కాంట్రాక్టరు మనిషి అయినా సరే, ఏ బ్లాకులో పనిలో ఉన్నాడో రాసి, ఒక ప్రతిని ప్లాంటుకు దూరంగా ఉండే చోట ఉంచి, ఇంకొకటి దగ్గరి ఫైర్ స్టేషన్‌కు ఫోన్‌లో పంపాలి. అదే కాగితంలో ఆ రోజు లోపలున్న రసాయనాల పేర్లు, వాటి పరిమాణం. మంట దగ్గరికి బండి వచ్చేసరికి ఫైర్ ఆఫీసర్ చేతిలో ఆ రెండు జాబితాలు ఉండాలి. పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వాడల యాజమాన్య సంఘాలు ప్రభుత్వ ఉత్తర్వు కోసం చూడకుండా రేపటి ఉదయం షిఫ్టు నుంచే దీన్ని మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టమని అడుగుతున్నాను.